వైద్య శీర్షిక: అరికాళ్ళ మంటలు

వేసవిలో మన ఇళ్ళకు స్వదేశం నుంచి తల్లిదండ్రులు వస్తారు. ఆ నెలల్లో సంఘం సమావేశాలలో మమ్మల్ని ప్రక్కకు పిలిచి తరచుగా అడిగే ప్రశ్న ఇది: "డాక్టరుగారూ, మా అత్తగారికి రాత్రిళ్ళు అరికాళ్ళు మండిపోతున్నాయి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. వయసు వల్లనేనంటారా?" వయసు మీదకు నెట్టి ఊరుకోరాదని చెప్పడానికే ఈ నెల ఈ విషయం ఎత్తుకున్నాము.

వెన్నుపాము నుంచి కాళ్ళూ చేతుల చివరలకు పోయే నరాలు దెబ్బతినడాన్ని పెరిఫెరల్ న్యూరోపతీ అంటారు. సాధారణంగా పొడుగాటి నరాలు ముందు దెబ్బతింటాయి గనుక జబ్బు కాలివేళ్ళ దగ్గర మొదలై, మేజోడు తొడిగినట్లు పైకి ప్రాకుతుంది. తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్లుండడం, మంట, చివరకు స్పర్శే తెలియకపోవడం దీని లక్షణాలు. (మన ఊళ్ళలో గోడల మీద కనిపించే "నరాల బలహీనత" ప్రకటనలకూ దీనికీ ఏ సంబంధమూ లేదని మనవి.)

కారణాలలో మొదటిది మధుమేహం. అది అందరికీ తెలిసిందే. చాలామందికి తట్టనిది విటమిన్ బి12 లోపం. ఇది మొక్కల నుంచి దొరకదు. పాలు, పెరుగులలో కొంత ఉన్నా, పెద్దవయసులో కడుపు దానిని సరిగా గ్రహించలేదు. పైగా ఏళ్ళ తరబడి వాడే మెట్‌ఫార్మిన్ ఆ కాస్తనూ తగ్గిస్తుంది. శాకాహారం, మధుమేహం, మెట్‌ఫార్మిన్ మూడూ ఉన్న పెద్దవారు మన ఇళ్ళలో ఎందరో! "షుగరు వల్ల" అనేసి పంపిస్తే రెండవ కారణం మరుగున పడిపోతుంది.

ఇక్కడ మన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోవాలి. భీమవరంలో పుట్టి, హార్వర్డుకు వచ్చి, తరువాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసింది. దానితో పెర్నిషస్ ఎనీమియా రోగులకు రక్తం పట్టింది గాని, నరాల జబ్బు ఆగలేదు. నరాలను కాపాడే బి12ను వేరుచేసింది 1948లో. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఇది పాతకథ కాదు. 1998 నుంచి అమెరికాలో పిండిలో ఫోలిక్ ఆసిడ్ తప్పనిసరిగా కలుపుతున్నారు. కనుక రక్తహీనత కనబడకపోయినా నరాలు దెబ్బతింటూ ఉండవచ్చు. "రక్తం బాగానే ఉంది" అన్నంత మాత్రాన ఊరుకోకండి. బి12 పరీక్ష అడగండి. ఫలితం అటూ ఇటూగా ఉంటే మిథైల్ మెలోనిక్ ఆసిడ్ పరీక్ష చేయిస్తారు. లోపం తేలితే ఇంజెక్షన్లో మాత్రలో సరిపోతాయి. ఆలస్యమైతే మాత్రం పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఇండియా నుంచి తెచ్చుకున్న బి-కాంప్లెక్సు మాత్రలు గుప్పెడేసి మింగడం దీనికి మందు కాదు. అందులోని బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే నరాలను పాడుచేస్తుంది.

ఇక నొప్పి సంగతి. మామూలు నొప్పి మాత్రలు ఈ మంటకు అంతగా పనిచేయవు. డులాక్సెటీన్, ప్రీగాబాలిన్ రెండింటికీ 2004లో మధుమేహపు నరాల నొప్పికి ఇక్కడ అనుమతి లభించింది. గాబాపెంటిన్, నార్‌ట్రిప్టిలీన్ కూడా వాడతారు. కొన్ని మానసిక వ్యాధులకూ ఇచ్చే మందులని తెలియగానే "నాకు పిచ్చేమన్నానా?" అని మామగారు సీసా ప్రక్కన పెట్టేస్తారు. మంట కబురును మెదడుకు తగ్గించి పంపేందుకే ఇస్తున్నారని ముందుగానే నచ్చజెప్పండి. నొప్పి సగానికి తగ్గి నిద్రపట్టినా మందు పనిచేసినట్లే. మత్తు, తూలు రావచ్చు గనుక తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. మూత్రపిండాల జబ్బుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. మిరపకాయలో కారాన్నిచ్చే కాప్సెయిసిన్‌తో చేసిన పట్టీ కూడా ఉంది. మన గుంటూరు సరుకు మందుగా మారిందన్నమాట!

నొప్పి కంటే మేము ఎక్కువ భయపడేది నొప్పి తెలియకపోవడానికే. మనం చెప్పులు గుమ్మంలో విడిచే జాతి. స్పర్శ లేని పాదానికి మేకు గుచ్చుకున్నా, ఎండకు కాలిన గుడి ఆవరణలో బొబ్బలెక్కినా తెలియదు. ఇంట్లో వాడడానికి వేరే మెత్తని చెప్పులు కొనిపెట్టండి. రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోమనండి. చలికాలంలో హీటింగ్ పాడ్ మీద కాళ్ళు పెట్టనివ్వకండి.

నెలల మీద కాక, రెండు మూడు రోజుల్లోనే కాళ్ళలో సత్తువ పోయి పైకి ప్రాకుతుంటే అపాయింట్‌మెంటు కోసం ఆగవద్దు. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకువెళ్ళండి.