పావురాల గొడవలో మన ఊపిరి సంగతి

దాదర్ కబూతర్‌ఖానా గొడవను మనవాళ్లు చాలామంది టీవీలో చూసే ఉంటారు. దాదర్, వర్లీ, ప్రభాదేవిల్లో ఉండేవాళ్లయితే కళ్లారా చూశారు. 2025 జులైలో ముంబైలోని 51 కబూతర్‌ఖానాలను మూయిస్తామని ప్రభుత్వం విధాన పరిషత్తులో ప్రకటించింది. నెలాఖరుకు బొంబాయి హైకోర్టు, నిషేధం ఉన్నా గింజలు చల్లేవాళ్లపై కేసులు పెట్టమంది. ఆగస్టు మొదట్లో దాదర్‌లో టార్పాలిన్లు కప్పారు. 6వ తేదీన జనం వచ్చి వాటిని చింపేశారు. 11న సుప్రీంకోర్టు తాను జోక్యం చేసుకోనంది. ఆ పైన నిపుణుల కమిటీ, దాని తరువాత రోజూ ఉదయం 7 నుంచి 9 వరకు నాలుగు చోట్ల మాత్రం గింజలు వేయవచ్చని మునిసిపాలిటీ అనుమతి. ఆ నాలుగింటిలో ఒకటి వర్లీ రిజర్వాయర్. అంటే తగాదా మన వీధి చివరికే వచ్చిందన్నమాట.

జీవదయ అనేవాళ్లు ఒకవైపు, జనారోగ్యం అనేవాళ్లు ఒకవైపు. ఈ వాదంలో మనం ఎవరి పక్షమో చెప్పమని సంఘానికి రెండు మూడు ఫోన్లు వచ్చాయి. జైనుల నమ్మకాన్ని వెక్కిరించే హక్కు మనకు లేదు. పెద్దల అమాస నాడు గోడ మీద ముద్ద పెట్టేది మనమే, కాకి కోసం పెట్టినా తినిపోయేది పావురమే. కాబట్టి పక్షం సంగతి పక్కన పెడదాం. మాకు కనబడిన అసలు విషయం వేరు. ఇన్ని నెలల రభసలో పావురం వల్ల వచ్చే జబ్బు ఏమిటో, అది ఆస్తమాకు ఎలా వేరో మన ఇళ్లలో ఒక్కరికీ సరిగ్గా తెలియలేదు. అడిగితే అందరిదీ ఒకటే మాట: ‘అదే కదా, దమ్ము.’

మా సంఘం సభ్యురాలు ఒకామె, యాభై దాటిన మనిషి, రెండేళ్లు పొడి దగ్గుతో బాధపడింది. వీధి డాక్టరు ఆస్తమా అన్నాడు, పంపు ఇచ్చాడు. పంపు పీల్చినా తేడా లేదు. రెండో అంతస్తు ఎక్కితే ఆయాసం, బరువు తగ్గడం. చివరికి పెద్దాసుపత్రిలో ఛాతీకి సీటీ స్కాన్ తీశాక బయటపడింది, అది ఆస్తమా కాదని. వంటింటి కిటికీ బయట ఏసీ పెట్టె వెనక పావురాలు గూళ్లు కట్టి ఏళ్లయింది. ఆమె రోజూ చీపురుతో ఊడ్చేది.

ఈ జబ్బును డాక్టర్లు హైపర్‌సెన్సిటివిటీ న్యూమోనైటిస్ అంటారు. పావురం రెట్ట ఎండి పొడి అవుతుంది, ఈకల నుంచి సన్నని పిండిలాంటి దుమ్ము రాలుతుంది. వాటిలోని ప్రోటీన్లు కొందరి ఒంటికి పడవు. అందరికీ ఇది రాదు. ఒకే ఇంట్లో ఒకరికి వచ్చి తక్కినవాళ్లకు రాకపోవచ్చు. ‘మాకేం కాలేదే’ అనే మాట అందుకే పనికిరాదు. ఆస్తమాలో ఇబ్బంది గాలి గొట్టాల్లో, అవి వాచి ముడుచుకుంటాయి, పిల్లికూతలు వినిపిస్తాయి, మందు పీలిస్తే మళ్లీ తెరుచుకుంటాయి. ఇందులో దెబ్బ అంతకంటే లోపల, గాలి రక్తంలో కలిసే తిత్తుల దగ్గర. కొందరికి దుమ్ము పీల్చిన నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి, ఫ్లూ అనుకుంటారు. కొందరికి నెలల తరబడి నెమ్మదిగా ముదురుతుంది. అలా వదిలేస్తే ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడుతుంది. గట్టిపడిన భాగం మళ్లీ మెత్తబడదు. మొదటి వైద్యం ఆ దుమ్ముకు దూరం కావడమే, మందులు దాని తరువాత. ఆస్తమా పంపు దీనికి చేసే మేలు తక్కువ.

పేరు తప్పు పడితే ఏమవుతుందో మనకు కొత్తగా చెప్పాలా? గిరణగావ్‌లో మన తండ్రులు, మామలు నూలు మిల్లుల్లో పనిచేశారు. వాళ్ల దగ్గు అంతా ‘దమ్ము’ పద్దు కిందే పోయింది. ఆదివారం సెలవు తరువాత సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ పట్టేయడం పత్తి దుమ్ము జబ్బుకు గుర్తు. దాని పేరు బైసినోసిస్, ఈఎస్ఐ చట్టంలో వృత్తి వ్యాధుల జాబితాలో ఉండేది, పరిహారం దొరికే జబ్బు. మాలో మిల్లు ఆఫీసుల్లో గుమాస్తాగిరీ చేసినవాళ్లున్నాం. సోమవారం సెలవు చీటీలు ఎన్ని వచ్చేవో మా చేతులకు తెలుసు. వాటి మీద ఉబ్బసం అనో బ్రాంకైటిస్ అనో ఉండేది. మేమూ అలాగే రిజిస్టరులో ఎక్కించాం. అడగాలని మాకు తోచలేదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు. 1982 సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఆ దగ్గులు కాగితం మీద ఉబ్బసంగానే మిగిలిపోయాయి.

ఇప్పుడు మన ఇళ్లే మారుతున్నాయి. ఆగస్టులో వర్లీ బీడీడీ చాళ్లలో మొదటి విడతగా 556 కుటుంబాలకు టవర్లలో తాళాలిచ్చారు. 160 అడుగుల ఖోలీ నుంచి 500 అడుగుల ఇల్లు, సంతోషమే. ఇలాంటి పునర్నిర్మాణాల్లో మన కుటుంబాలు కూడా పైఅంతస్తులకు చేరుతున్నాయి. పావురానికి చెట్టుకన్నా గట్టు ఇష్టం. డక్టులు, ఏసీ గట్లు, మూసి ఉంచిన బాల్కనీలు దానికి కొండచరియల్లాంటివి. కబూతర్‌ఖానా మూసినా ఈ గూళ్లు పోవు. కొత్త ఇంట్లో చేరేవాళ్లు ఫాల్స్ సీలింగ్ కన్నా ముందు వల బిగించుకోవాలని మేము చెప్పేది ఇందుకే. పేరుకున్న రెట్టను పొడిగా ఊడ్చకండి. నీళ్లు చల్లి తడిపి, మంచి మాస్కు కట్టుకుని తీయాలి. దగ్గు ఉన్న మనిషి ఆ పనికి అసలు దిగకూడదు.

అలాగని ప్రతి దగ్గుకూ పావురాన్ని పట్టుకోవడం కూడా తప్పే. మన ఇళ్లలో ఎక్కువ ఉండేది మామూలు ఆస్తమాయే. పరుపుల్లోని సూక్ష్మ పురుగులు, బొద్దింకలు, వానాకాలపు గోడ బూజు, దోమల కాయిల్, శుక్రవారం తలుపులు మూసి వేసే సాంబ్రాణి, వీధిలో కట్టడాల దుమ్ము, ఇవన్నీ దాన్ని రేపేవే. 2019 ప్రపంచ వ్యాధిభార అంచనాల ప్రకారం మన దేశంలో సుమారు మూడున్నర కోట్ల మందికి ఆస్తమా ఉంది. ప్రపంచ రోగుల్లో ఇది 13 శాతం. ఆస్తమా మరణాల్లో మాత్రం 40 శాతానికి పైగా ఇక్కడివే. రోగులు ఇంత, చావులు అంత ఎందుకంటే, మందు దొరక్క కొంత, దొరికినా పీల్చక కొంత.

పంపు అలవాటైపోతుందనీ, ఆడపిల్ల పంపు వాడుతోందని తెలిస్తే సంబంధాలు రావనీ మన ఇళ్లలో ఇప్పటికీ అంటారు. స్టెరాయిడ్ అన్న మాటకు బెదురుతారు. పాత గుమాస్తాలం కదా, లెక్క చూద్దాం. పీల్చే స్టెరాయిడ్ ఒక మోతాదు మామూలుగా 200 మైక్రోగ్రాములు. పంపు వద్దని చివరికి మింగే మాత్ర 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు. మందులు వేరైనా బరువులో యాభై రెట్లు, పైగా అది ఒళ్లంతా తిరుగుతుంది. పీల్చేది ఎక్కువ భాగం ఊపిరితిత్తికే పనిచేస్తుంది, తరువాత నోరు పుక్కిలించి ఉమ్మితే చాలు. ఇంకో సంగతి, అప్పటికప్పుడు ఊపిరి ఆడించే నీలం పంపు ఒక్కదానితో బండి లాగడం ప్రమాదం. లోపలి వాపును తగ్గించేది రోజూ పీల్చే మందే. ఆస్తమాకు నీలం పంపు ఒక్కదాన్నే నమ్ముకోవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలబడటం, పంపు పీల్చినా తగ్గకపోవడం కనిపిస్తే మాత్రం ఇంట్లో సలహాలు పెట్టుకోకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్లి చేప ప్రసాదం మింగి వచ్చే కుటుంబాలు మన సంఘంలోనే ఉన్నాయి. నమ్మకాన్ని మేము కాదనం, అలాగే ఆ మందు ఆస్తమాను తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదని చెప్పకుండా ఉండలేం. వెళ్లేవాళ్లు వెళ్లండి, పంపు జేబులో ఉంచుకుని వెళ్లండి. వచ్చాక మానేయడమే ముప్పు.

ఇక పరీక్ష విషయం. ఆస్తమా అని తేల్చడానికి స్పైరోమెట్రీ ఉంది. గొట్టంలోకి బలంగా ఊదడం, మందు పీల్చి మళ్లీ ఊదడం, రెండింటి తేడా చూడటం. ఈ పరీక్ష చేయించకుండానే ఏళ్లకేళ్లు మందు వాడుతున్నవాళ్లు మా ఎరుకలో చాలామంది ఉన్నారు. మూడు నెలలు సక్రమంగా పంపు వాడినా గుణం కనబడకపోతే, ఇది ఇంకేదైనా కావచ్చా అని డాక్టరును అడగండి. ఇంట్లో పావురాలున్నాయనీ, గతంలో మిల్లులోనో మగ్గం మీదో పనిచేశామనీ మీరే ముందుగా చెప్పండి, రద్దీలో వాళ్లు అడగరు. పరేల్‌లోని కేఈఎం, ముంబై సెంట్రల్‌లోని నాయర్ ఆసుపత్రుల్లో ఛాతీ విభాగాలున్నాయి. మరాఠీలో మాట్లాడటానికి జంకే పెద్దవాళ్లకు తోడుగా సంఘం నుంచి ఒకరు వస్తారు. ఒకరోజు ముందు చెప్పండి. పాత ఎక్స్‌రేలు, చీటీలు, ఈఎస్ఐ కార్డు ఉంటే అదీ, తేదీల వరసలో పెట్టుకుని రండి.