అలసటకు అసలు కారణం వెతుకుదాం

ఏ నలుగురు కలిసినా ఈమధ్య వినిపించే మాట ఒకటే... 'ఓపిక ఉండటం లేదండీ'. పొద్దున లేవగానే నీరసం. మధ్యాహ్నానికి ఒళ్లు నొప్పులు. రాత్రి పడుకుంటే నిద్ర పట్టదు. నెల తిరక్కుండానే మళ్లీ జలుబు. ఇంటి పనంతా నెత్తిన వేసుకున్న తల్లి దగ్గర నుంచి రాత్రి షిఫ్టులు చేసే కొడుకు దాకా అందరిదీ ఇదే వరస. ఈ బాధకు ఫోన్లో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. 'ఒత్తిడి వల్ల మీ అడ్రినల్ గ్రంథులు అలసిపోయాయి. మా సహజమైన క్యాప్సూల్స్ మూడు నెలలు వాడండి. గ్రంథులు కోలుకుంటాయి, ఇమ్యూనిటీ పెరుగుతుంది' అని. వినడానికి శాస్త్రంలాగే ఉంటుంది. పైగా 'సహజం' అన్న మాట ఉంది కాబట్టి పోయేదేముందని కొనేస్తాం. పోయేది డబ్బొక్కటే అయితే ఇంతగా చెప్పుకోవాల్సిన పనే లేదు.

ముందు ఆ గ్రంథుల సంగతి చూద్దాం. బడిలో అధివృక్క గ్రంథులని చదువుకున్నవే ఇవి. రెండు కిడ్నీల మీద టోపీల్లా ఉంటాయి. ఒక్కోటి బరువు 5 గ్రాములకు అటూ ఇటూ. లోపలి భాగం అడ్రినలిన్ విడుదల చేస్తుంది. రోడ్డు దాటుతుంటే హఠాత్తుగా లారీ మీదికి వచ్చినప్పుడు గుండె దడదడలాడటం దాని పనే. బయటి పొర నుంచి వచ్చేవాటిలో ముఖ్యమైనది కార్టిసాల్. రక్తంలో చక్కెరనూ, బీపీనీ నిలబెట్టడం, జబ్బు చేసినప్పుడు శరీరాన్ని తట్టుకునేలా చేయడం దీని బాధ్యత. తెల్లవారుజామున పెరిగి, మనం నిద్రలేచే వేళకు బాగా ఎక్కువగా ఉండి, రాత్రికి తగ్గిపోతుంది. ఈ గ్రంథులకు ఎంత తయారు చేయాలో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి చెబుతుంది.

ఒత్తిడి పెరిగితే ఈ గ్రంథులు పనిచేసి పనిచేసి చతికిలబడతాయన్న వాదాన్ని 1998లో అమెరికాలో ఒక ప్రకృతి వైద్యుడు 'అడ్రినల్ ఫెటీగ్' పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. ఇది నిజమేనా అని బ్రెజిల్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 58 అధ్యయనాలను జల్లెడ పట్టారు. అలాంటి జబ్బు ఉందనడానికి ఆధారం లేదని 2016లో తేల్చి చెప్పారు. హార్మోన్ వైద్య నిపుణుల సంఘాలు కూడా దీన్ని జబ్బుగా గుర్తించలేదు. ఒత్తిడిలో కార్టిసాల్ సాధారణంగా పెరుగుతుందే గానీ, గ్రంథి ఖాళీ అయిపోదు.

మరి ఒత్తిడికీ, రోగనిరోధక శక్తికీ సంబంధమే లేదా? ఉంది. 1991లో ఒక ప్రసిద్ధ పరిశోధనలో 394 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు తెప్పించే వైరస్‌ల చుక్కలు వేసి చూశారు. మానసిక ఒత్తిడి ఎక్కువ ఉన్నకొద్దీ జలుబు పట్టుకున్నవాళ్ల సంఖ్యా పెరిగింది. 2009లో ఇదే తరహాలో 153 మందిని పరిశీలిస్తే, రాత్రి 8 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ నిద్రపోయేవాళ్లతో పోల్చినప్పుడు 7 గంటల కన్నా తక్కువ నిద్రపోయేవాళ్లకు జలుబు వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు కనిపించింది. 1995 నాటి ఇంకో అధ్యయనం మన ఇళ్లకు మరీ దగ్గరగా ఉంటుంది. మతిమరుపు జబ్బుతో ఉన్న పెద్దవాళ్లకు సేవ చేస్తున్న 13 మంది మహిళలకు చేతి మీద చిన్న గాయం చేసి చూస్తే, అలాంటి భారం లేనివాళ్ల కంటే సగటున 9 రోజులు ఆలస్యంగా మానింది. అంటే ఒత్తిడి ఒంటిని దెబ్బతీసే మాట నిజమే. కానీ దెబ్బ ఎక్కడ తగులుతోందో చూడకుండా గ్రంథికి మందు వేస్తామంటే పుండొకచోట, మందొకచోట అవుతుంది.

అసలు నష్టం ఇక్కడే ఉంది. ఆ మూడు నెలల కోర్సు పూర్తయ్యేలోగా అసలు జబ్బు ముదురుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. మన ఇళ్లలో ఆడవాళ్ల నీరసానికి మొట్టమొదట అనుమానించాల్సింది దీన్ని. ఆ తర్వాత థైరాయిడ్ తగ్గడం, షుగర్, విటమిన్ బీ12 లోపం, గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగే స్లీప్ అప్నియా, డిప్రెషన్, టీబీ. వీటిలో చాలావాటిని మామూలు రక్తపరీక్షలతో పట్టుకోవచ్చు. అన్నిటికీ చికిత్స ఉంది.

అడ్రినల్ గ్రంథులు నిజంగానే దెబ్బతినే జబ్బూ ఒకటుంది. 1855లో థామస్ అడిసన్ వివరించినందుకు దాన్ని అడిసన్స్ జబ్బు అంటారు. అరుదైనదే అయినా మన దేశంలో టీబీ ఇంకా దీనికి ఒక ముఖ్య కారణం. ఆకలి మందగించి బరువు తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, ఉప్పు మీదికి మనసు పోవడం, వాంతులు, అరచేతి గీతలూ చిగుళ్లూ నల్లబడటం... ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ పరీక్ష, అవసరమైతే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి చేసే మరో పరీక్షతో తేలుతుంది. ఇలాంటివాళ్లు మూలికలతో కాలం గడిపితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకో విచిత్రం చూడండి. ఒత్తిడితో నిద్రపోని ఈ గ్రంథులు ఒక మందుతో మాత్రం నిజంగా నిద్రపోతాయి. అది స్టెరాయిడ్. మాత్రల రూపంలో మూడు నాలుగు వారాలకు మించి వాడితే బయటి నుంచి సరఫరా వస్తోంది కదా అని గ్రంథులు సొంత తయారీ తగ్గించేస్తాయి. అప్పుడు మందు ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి కుప్పకూలే ప్రమాదం ఉంది. అందుకే డాక్టర్లు మోతాదును మెల్లమెల్లగా తగ్గిస్తారు. కీళ్లనొప్పులకూ, ఆయాసానికీ లేబుల్ లేకుండా అమ్మే కొన్ని 'మూలికా' పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన ఉదంతాలు మన దేశంలో ఎన్నోసార్లు బయటపడ్డాయి. పొడి వేసుకున్న రెండు రోజులకే మోకాళ్లు తేలికపడి, కొన్నాళ్లకు మొహం గుండ్రంగా ఉబ్బి, షుగర్, బీపీ పెరిగాయంటే దాన్ని అనుమానించాల్సిందే. భయపడి మీరే ఆపేయకండి. ఆ పొడి పొట్లంతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో స్టెరాయిడ్లను ఇష్టం వచ్చినట్లు వాడటం, అదుపులో లేని షుగర్ కలిసి బ్లాక్ ఫంగస్‌కు దారితీసిన సంగతి ఇంకా మరిచిపోలేదు.

మూలికలన్నీ చెడ్డవని ఎవరూ అనడం లేదు. అయితే మోతాదు, వ్యవధి, ఎవరు వాడుతున్నారన్నవి వాటికీ వర్తిస్తాయి. కోవిడ్ కాలంలో తిప్పతీగ ఎక్కువగా వాడిన కొందరికి కాలేయం దెబ్బతిందని ముంబయి వైద్యులు 2021లో ప్రకటించారు. అలాగే కనిపించే మరో తీగను వాడి ఉండొచ్చని ఆయుష్ మంత్రిత్వశాఖ అభ్యంతరం చెప్పింది. ఏది నిజమైనా మనకు పాఠం ఒకటే. తెలియని ఆకు, తెలియని పొడి, సొంత నిర్ణయం మీద నెలల తరబడి వాడకూడదు. అశ్వగంధ వల్ల కాలేయానికి హాని జరిగిన కేసులూ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కాలేయ సమస్యలు, థైరాయిడ్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా దాని జోలికి పోవద్దు.

మరి ఏం చేయాలి? రెండు మూడు వారాలకు మించి నీరసం తగ్గకపోతే ఫ్యామిలీ డాక్టర్‌ను కలవండి. వాడుతున్న పొడులు, కషాయాలు సహా అన్నీ చెప్పండి. రాత్రి 7-8 గంటల నిద్రకు వేళ పెట్టుకోండి. రోజూ అరగంట నడవండి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు, పండు పళ్లెంలో ఉండేలా చూడండి. వయసు పైబడినవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఫ్లూ, నిమోనియా టీకాల గురించి అడగండి. ఇంకొకటి. మంచాన పడ్డ అత్తగారి సేవ, పిల్లల చదువు, వంట, ఉద్యోగం అన్నీ ఒక్క మనిషి మీదే ఉన్న ఇంట్లో ఏ టానిక్కూ పనిచేయదు. ఆ పనుల్లో సగం మిగతావాళ్లు పంచుకుంటే ఆమెకు ముందు నిద్ర దొరుకుతుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. అలాగే నిద్ర, నడక, ఇంటి తిండి, పని పంచుకోవడం మనకు మందుల్లా కనిపించవు. ఈ ఆదివారం ఇంట్లో అందరూ కూర్చుని ఎవరు ఏ పని తీసుకుంటారో మాట్లాడుకోండి. ఆ పైన ఎవరికి ఏ పరీక్ష చేయించాలో ఒక కాగితం మీద రాసుకోండి.