కెపాసిటర్‌లో మిగిలే కరెంటు

బోరుకాడ కెపాసిటర్ పెట్టమంటే "మీటరు లేని కరెంటుకు ఇదెందుకు?" అని ధూళిమిట్ట రైతులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆ డబ్బాలో పలుచని రెండు లోహపు పొరలు, నడుమ కరెంటు పారనివ్వని పొర. ఒకదాని మీద ఎంత ధనావేశం చేరితే రెండోదాని మీద అంతే ఋణావేశం. ఒకదాన్నొకటి లాగుతూ అక్కడే నిలుస్తాయి. మన కరెంటుకు అది సెకనుకు 100 సార్లు నిండి ఖాళీ అవుతుంది. మోటారు చుట్టలో అయస్కాంతం కట్టడానికి కావలసిన కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ నుంచి గుంజకుండా పక్కనుంచే అందిస్తుంది. తీగల మీద బరువు తగ్గుతుంది. 2004లో ఉచిత కరెంటిచ్చిన సర్కారు ఆ తర్వాత కెపాసిటర్ షరతు పెట్టింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఎండేది మడి, పోయేది కూలి, పెట్టుకోవాల్సిందే. ఖర్చు మాత్రం సర్కారే భరించాలంటాం. ఇంకోమాట. రాత్రి మోటారు వేయబోయేది తరచూ జీతగాడే. ఫ్యూజు పీకినా డబ్బాలో ఆవేశం కాసేపు ఉంటుంది. వెంటనే ముట్టొద్దు.