సంపు పెద్దగా కట్టమంటే సరిపోతుందా?

'సంపు కాస్త పెద్దగా కట్టు మేస్త్రీ!'

బద్వేలులో ఇల్లు కట్టుకునేవాళ్లు ఎవరైనా అనే మాటే ఇది. మేస్త్రీ కూడా 'అట్లేలేన్నా' అంటాడు. కట్టేస్తాడు. ఎండాకాలంలో 5000 లీటర్ల ట్యాంకరు వస్తుంది. నాలుగు వేలకే సంపు నిండిపోతుంది. మిగతా నీళ్లకీ డబ్బులిచ్చి వీధిపాలు చేసుకోవాలి. తప్పెవరిది? మేస్త్రీ లెక్కలో అది పెద్ద సంపే. మన లెక్కలో కాదు. 'పెద్ద' అన్న మాటకు కొలత చెప్పకపోవడమే అసలు తప్పు.

'5000 లీటర్ల ట్యాంకరు ఒకేసారి ఖాళీ అయ్యేలా, 6000 లీటర్లు పట్టే సంపు కావాలి' అని ఉంటే ఈ తంటా ఉండేది కాదు. ఏం కావాలో ఇలా తేటగా చెప్పడాన్నే సాఫ్ట్‌వేర్ వాళ్లు 'రిక్వైర్‌మెంట్' అంటారు. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేస్తున్న మీ అబ్బాయినో అమ్మాయినో అడిగి చూడండి. రాత్రంతా కూర్చుని రాసిన ప్రోగ్రాంను 'మేం అడిగింది ఇది కాదు' అని కస్టమర్ వెనక్కి పంపిన కథ ఒకటైనా చెబుతారు.

అలాంటి వాక్యాల్లో తప్పులు పట్టిచ్చే చిన్న సాధనమే ఈ వారం మన విషయం. దానికి ముందు ఒక్కసారి పోరుమామిళ్ల దాకా వెళ్లొద్దాం.

రాతి మీద చెక్‌లిస్టు

బద్వేలు పక్కనున్న పోరుమామిళ్ల చెరువు గురించి 1369 నాటి సంస్కృత శాసనం ఒకటుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు (భవదూరుడు) ఉదయగిరి నుంచి పాలిస్తూ కట్టించిన చెరువది. అప్పటి పేరు అనంతరాజ సాగరం. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ ఆ శాసనంలో వరసగా చెక్కించారు. గట్టి నేల, తీపి నీటి నది, రాతికట్ట, దగ్గర్లో రాతి గని, పనితెలిసిన కూలీలు... ఇవి అంగాల్లో కొన్ని. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్యలో మిట్ట, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం... ఇవి దోషాలు.

అంతేకాదు, రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల కాలం అని పనిలెక్క కూడా రాశారు. కట్ట పొడవు వెడల్పు ఎత్తులను 'రేఖాదండం' అనే కొలతలో చెప్పారు.

ఈ కాలం ఇంజినీర్ల చెక్‌లిస్టూ ఇలాంటిదే. ఐఎస్‌ఓ 29148 అనే అంతర్జాతీయ ప్రమాణం (2018 కూర్పు) మంచి రిక్వైర్‌మెంట్‌కు 9 లక్షణాలు చెబుతుంది. అది అవసరమైనదై ఉండాలి, రెండర్థాలు రాకూడదు, ఒక వాక్యంలో ఒకే సంగతి ఉండాలి, చేయగలిగేది కావాలి, చేశాక సరిచూడగలగాలి... ఇలా.

ఎక్స్‌టెన్షన్ అంటే?

ఇంటర్నెట్ చూసే క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లకు తగిలించుకునే చిన్న ప్రోగ్రామే ఎక్స్‌టెన్షన్. ఇప్పుడు చాలా కంపెనీల్లో రిక్వైర్‌మెంట్లను బ్రౌజర్లోనే రాస్తున్నారు. అందుకే వాటిని పరీక్షించే ఎక్స్‌టెన్షన్లూ వచ్చాయి. స్పెల్లింగ్ తప్పుల కింద గీత పడినట్టే, అనుమానపు మాటల కింద గుర్తు పెట్టడం వీటి పని. ఇవి ప్రధానంగా ఇంగ్లిష్ వాక్యాల కోసం తయారైనవి. బీటెక్ ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు ఎస్ఆర్ఎస్ రాసే పిల్లలకూ పనికొస్తాయి.

మొదలుపెట్టడం ఇలా...

* క్రోమ్ వాడేవాళ్లు క్రోమ్ వెబ్ స్టోర్ తెరిచి, 'రిక్వైర్‌మెంట్స్ క్వాలిటీ' అని వెతకాలి. తయారుచేసింది ఎవరు, వాడినవాళ్లు ఏమన్నారు, ఆఖరిసారి ఎప్పుడు మార్చారు... ఈ మూడూ చూడాలి.

* నచ్చితే 'యాడ్ టు క్రోమ్' నొక్కాలి. అది ఏయే అనుమతులు అడుగుతోందో ఒక చిన్న పెట్టెలో కనిపిస్తుంది. చదివాకే 'యాడ్ ఎక్స్‌టెన్షన్' నొక్కాలి.

* పైన కుడివైపు జిగ్‌సా ముక్క బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కి, కొత్త ఎక్స్‌టెన్షన్ పక్కనున్న పిన్ను గుర్తు నొక్కితే అది ఎప్పుడూ కళ్లముందే ఉంటుంది.

* మొదటిరోజే వంద వాక్యాలు పెట్టకండి. పాత ప్రాజెక్టులోవి ఓ పది చాలు. ఏ మాటను ఎందుకు పట్టుకుందో అర్థం చేసుకుంటే, తర్వాత చేయి దానంతటదే సర్దుకుంటుంది.

ఏ మాటలు దొరికిపోతాయి?

'ఫాస్ట్', 'ఈజీ', 'యూజర్ ఫ్రెండ్లీ', 'తగినంత', 'వగైరా'... ఇవి మన 'పెద్ద సంపు' బాపతు. 'పంపబడాలి' అంటే ఎవరు పంపాలి? అదీ తప్పే. ఒకే వాక్యంలో రెండు మూడు పనులు ఇరికించినా దొరుకుతుంది.

ఉదాహరణకు బస్సు టికెట్ల ప్రోగ్రాం తీసుకుందాం. 'టికెట్ త్వరగా బుక్ అయి, వివరాలు పంపబడాలి' అని రాస్తే రెండు మూడు గుర్తులు పడటం ఖాయం. 'ప్రయాణికుడు డబ్బు చెల్లించినప్పుడు, సిస్టమ్ 10 సెకన్లలోపు అతని మొబైల్‌కు టికెట్ నంబరు పంపాలి' అని చూడండి. ఎప్పుడు, ఎవరు, ఎంతలో, ఏం చేయాలి... అన్నీ ఉన్నాయి. గడియారం పట్టుకుని సరిచూడొచ్చు కూడా. ఇలా రాయడానికి రోల్స్ రాయిస్ కంపెనీ ఇంజినీరు అలిస్టేర్ మేవిన్ బృందం 2009లో 'ఇయర్స్' అనే పద్ధతిని ప్రకటించింది. 'ఎప్పుడైతే', 'ఉన్నంతసేపు', 'ఒకవేళ' లాంటి కొద్ది మూసలే అందులో ఉంటాయి.

తాళం ఎవరి చేతికి?

ఇక జాగ్రత్త సంగతి. కొన్ని ఎక్స్‌టెన్షన్లు మీరు తెరిచే అన్ని సైట్లలోని సమాచారాన్నీ చదివే, మార్చే అనుమతి అడుగుతాయి. కొన్ని మీ వాక్యాలను బయటి సర్వర్‌కు పంపి అక్కడ పరీక్షిస్తాయి. కంపెనీ ఇంకా మార్కెట్లోకి తేని వస్తువు వివరాలు అలా గడప దాటితే ఉద్యోగానికే ఎసరు. అందుకే ఆఫీసు కంప్యూటర్లో పెట్టే ముందు పైవాళ్ల అనుమతి తీసుకోవాలి. ఎక్స్‌టెన్షన్ సెట్టింగుల్లో 'సైట్ యాక్సెస్' దగ్గర 'ఆన్ క్లిక్' పెట్టుకుంటే, మీరు నొక్కినప్పుడే పేజీని చదువుతుంది. బ్యాంకు పేజీ తెరిచే బ్రౌజర్లో అసలు పెట్టకపోవడమే మేలు.

గుర్తులు పడకపోతే గెలిచినట్టేనా?

కాదు. 'కట్ట మరీ పొడవు ఉండకూడదు' అని పోరుమామిళ్ల శాసనంలోనూ ఒక అంగం ఉంది. మన ఎక్స్‌టెన్షన్ చూస్తే 'మరీ అంటే ఎంత?' అని గుర్తు పెడుతుంది. అది దాని ఉపయోగం. కానీ 'ఈ చెరువు కింద ఇన్ని ఎకరాలు తడపాలి' అని అంకెలతో తప్పుల్లేకుండా రాశారనుకోండి. ఏమీ అనదు. అన్ని ఎకరాలకు చాలే నీళ్లు ఆ చెరువుకు వస్తాయా అన్నది దానికి తెలియదు. ఆ అయిదో దోషాన్ని పట్టాల్సింది మనిషే.

నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999లో అంగారకుడి దగ్గర నాశనమైంది. లెక్కలు న్యూటన్-సెకన్లలో ఇవ్వాలని కాగితం మీద తేటగానే ఉంది. ఒక బృందం సాఫ్ట్‌వేర్ పౌండ్లలో ఇచ్చింది. రెండో బృందం న్యూటన్లనుకుని వాడేసింది. రాసిందాన్ని సరిచూడటంలోనే లోపం జరిగింది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు దోషమని మనవాళ్లు ఊరకే అన్నారా!

కాబట్టి మాటల తప్పులు ఎక్స్‌టెన్షన్‌కు వదిలేయండి. మిగిలిన సమయంలో, ఆ వస్తువు వాడబోయే మనిషి పక్కన కూర్చుని 'ఇదేనా మీకు కావాల్సింది?' అని అడగండి. ఇంట్లో సంపు కట్టించేవాళ్లూ అంతే... మేస్త్రీకి కొలత చెప్పేముందు, మీ వీధికి వచ్చే ట్యాంకరు ఎన్ని లీటర్లదో కనుక్కోండి.