పండుగ దినములలో ఇంటి సమాధానము

కెనడా దేశమున డిసెంబరు నెల 25వ తేదీ సమీపించుసరికి అచ్చటి తెలుగు క్రైస్తవుల ఇండ్లు బంధువులతో నిండిపోవును. అన్నగారు టొరంటో నగరమునకు సమీపమున నున్న బ్రాంప్టనులో ఇల్లు కొనియుందురు. తమ్ముడు కాల్గరీ నుండి విమానములో వచ్చును. చెల్లెలు భర్తతోను బిడ్డలతోను కారులో దిగును. గోదావరి తీరము నుండి తల్లిదండ్రులు వచ్చి అప్పటికే ఆఱు నెలలై యుండును. నలుగురు నివసించు ఇంటిలో పండ్రెండుగురు పండుకొందురు. మొదటి దినమున కౌగిలింతలు, కన్నీళ్లు, కోడికూర, అరిసెలు. రెండవ దినమున మాటలు కొంచెము తగ్గును. మూడవ దినమున, కూరలో ఉప్పు చాలలేదనియో, మనుమడు తాతగారికి వందనము చేయలేదనియో చిన్న మాట యొకటి పుట్టి, ఇరువది యేండ్ల క్రిందటి సంగతులను వెలుపలికి లాగును.

తోటలలోని లైను ఇండ్లలో కాపురముండువారు దీనిని చదివి ఆశ్చర్యపడ నక్కఱలేదు. క్రిస్మసునకు అన్నదమ్ములు కూడినప్పుడు లైనులలోను ఇట్టి కలహములు వినబడుచునే యున్నవి. అయితే ఒక భేదము కలదు. లైను ఇంటి గది ఇరుకైనను దాని వెలుపల చెట్టు కలదు, నీళ్ల రేవు కలదు, పొరుగువారి అరుగు కలదు. కోపము వచ్చినవాడు కండువా భుజమున వేసికొని వెలుపలికి పోయి, చుట్ట కాలువగానే కొంత చల్లబడి తిరిగి వచ్చును. కెనడాలో ఆ కాలమున టొరంటో వంటి పట్టణములందు సాయంకాలము అయిదు గంటలు కాకమునుపే సూర్యుడస్తమించును. వీథినిండ మంచు పడియుండును. బరువైన కోటు, బూట్లు, చేతితొడుగులు ధరింపక గడప దాటరాదు. తలుపులన్నియు మూయబడిన ఇంటిలో కోపమునకును పోవుటకు దారిలేదు. అట్లు నాలుగు దినములు ఒకే పైకప్పు క్రింద నుండుట ఎంతటి ప్రేమగల కుటుంబమునకైనను పరీక్షయే.

ఈ కూడిక ఎంత వెలగలదో తెలిసినవారు దానిని తేలికగా చెడగొట్టుకొనరు. 1908వ సంవత్సరమున కెనడా ప్రభుత్వము, స్వదేశము నుండి ఎచ్చటను ఆగక నేరుగా ప్రయాణము చేసి వచ్చినవారిని మాత్రమే దిగనిత్తునని నిబంధన చేసెను. హిందూదేశము నుండి అట్లు నేరుగా పోవు ఓడ లేనందున, మనదేశస్థులకు తలుపు మూయబడినట్లే యయ్యెను. 1914లో కొమగట మారు అను ఓడపై 376 మంది వాంకూవరు రేవునకు చేరగా, వారిలో కొలదిమంది తప్ప తక్కినవారు త్రిప్పి పంపబడిరి. అంతకుముందే అచ్చట కఱ్ఱకోత మిల్లులలో పనిచేయుచుండిన పురుషులు, వారిలో పెక్కుమంది పంజాబువారు, భార్యాబిడ్డలను రప్పించుకొనుటకు 1919వ సంవత్సరము వఱకు వేచియుండవలసి వచ్చెను. 1967లో జాతి చూడక, చదువును పనితనమును లెక్కించి మనుష్యులను చేర్చుకొను పద్ధతి ఏర్పడిన పిమ్మటనే తెలుగువారు అధికముగా ఆ దేశమునకు పోజొచ్చిరి.

తోటల ప్రజలకు ఈ బాధ క్రొత్తది కాదు. 1860లో మద్రాసు నుండి నేటాలు దేశమునకు మొదటి ఓడ కూలీలను తీసికొనిపోయిన నాటి నుండి, తల్లి ఒక దేశమునను కుమారుడు మఱియొక దేశమునను ఉండి, తిరిగి మొగము చూచుకొనక మరణించిన కుటుంబములెన్నియో కలవు. 1874లో కెనడా దేశస్థుడైన జాన్ మెక్లారిన్ దొరగారు సువార్త నిమిత్తము కాకినాడకు వచ్చిరి. అప్పుడు సముద్రము దాటి వచ్చినవారు వారు. ఇప్పుడు అదే కాకినాడ ప్రాంతపు బిడ్డలు సముద్రము దాటి వారి దేశమున కాపురములు పెట్టుకొనుచున్నారు. అన్నదమ్ములు ఒక బల్ల యొద్ద కూర్చుండుట ఏ తరమువారికిని ఊరక దొరకిన భాగ్యము కాదు.

ఇంత కష్టముతో కూడినవారు ఎందుకు కలహింతురు? పండుగయే కారణమని కొందఱందురు. అది సరికాదు. సంవత్సరమంతయు చెప్పక దాచిన లెక్క పండుగనాడు బయటపడుచున్నది. ఊరిలోని పొలము అమ్మిన సొమ్ములో ఎవరికెంత ముట్టెను, చెల్లెలి వివాహమునకు ఎవరు అప్పుచేసిరి, తండ్రిగారి శస్త్రచికిత్సకు ఎవరు డబ్బు పంపిరి, ఎవరు పంపలేదు, ఇవియే ఆ లెక్కలు. ఉప్పు తక్కువైన కూర వాటికి ఒక సాకు మాత్రమే.

రెండవ కారణము తల్లిదండ్రుల స్థితి. 2011వ సంవత్సరము చివర కెనడా ప్రభుత్వము తల్లిదండ్రుల కొఱకును, తాత అవ్వల కొఱకును సూపరు వీసా అను అనుమతిని ఏర్పఱచెను. 2022వ సంవత్సరము నుండి దానితో ఒక్కొక్క పర్యాయము అయిదేండ్ల వఱకు ఉండవచ్చును. అయితే పిలుచుకొను కుమారుడో కుమార్తెయో తగిన ఆదాయము చూపవలెను. పోషించెదమని వ్రాసి యియ్యవలెను. కనీసము 1,00,000 డాలర్ల వైద్య భీమాయు ఉండవలెను. ఆ అనుమతిపై వచ్చినవారు జీతమునకు పనిచేయరాదు. ఊరిలో పదిమందికి పంచాయితీ చెప్పిన పెద్దమనిషి ఇచ్చట బస్సు టిక్కెట్టునకు కుమారుని అడుగవలసి వచ్చును. తాను బరువైతినన్న తలంపు ఆయన మనస్సును తొలుచును. కుమారుడు ఖర్చు మాట ఎత్తకపోయినను ఎత్తినట్లే తోచును. అట్టి తండ్రిగారు పండుగనాడు చిన్న విషయమునకు గర్జించినయెడల, ఆ గర్జనలో కోపము కన్న అవమానమే యెక్కువ యని బిడ్డలు గ్రహింపవలెను.

మూడవ కారణము వంటయిల్లు. బేతనియలో మార్త పడిన పాట్లు బ్రాంప్టనులో కోడలు పడుచున్నది. ఆమె పండుగకు ముందుదినము వఱకు ఉద్యోగము చేసి వచ్చినదే. పురుషులు బల్లయొద్ద కూర్చుండి దేశ రాజకీయములు మాటలాడుచుందురు. అత్తగారు తమ కాలమున ఇరువదిమందికి ఒంటరిగా వండితిమని చెప్పుదురు. తోడికోడలు అతిథివలె కూర్చుండును. మూడవ దినమున కోడలు గిన్నె నొకదానిని గట్టిగా నేలపై పెట్టిన చప్పుడు వినబడును. ఆ చప్పుడు విని ఆమెను గయ్యాళి యనుట న్యాయము కాదు.

నాలుగవది, సారాయి. వెలుపల చలి యని మొదలుపెట్టి, ఒక గ్లాసు నాలుగైన పిమ్మట, పొలము లెక్కలు తీయువారు తఱచుగా ఆ గ్లాసు పట్టినవారే. తోటలలో జీతము దినమున జరుగు సంగతి చూచినవారికి దీనిని గూర్చి వేఱుగా చెప్పనక్కఱలేదు.

అయిదవది చెప్పుటకు కొంత సిగ్గైనను చెప్పవలసినదే. కొన్ని ఇండ్లలో కుటుంబ ప్రార్థనయే కలహమునకు మూలమగుచున్నది. ఎదుట కూర్చున్న అల్లుని దురలవాటులను, కోడలి గర్వమును, మనుమరాలు ధరించు బట్టలను ఒక పెద్ద కన్నులు మూసికొని దేవునికి వినిపించును. దేవునికి అవి ముందే తెలియును. విను మనుష్యునికి మాత్రము అది తిరిగి మాటలాడ వీలులేని తిట్టు. ప్రార్థనను కొరడాగా వాడుట దేవుని నామమును వ్యర్థముగా ఎత్తుటయే. పండుగ భోజనమునకు ముందు చేయు ప్రార్థన చిన్నదిగాను, స్తుతి మాత్రము గలదిగాను ఉండవలెను.

ఇందునకు కొందఱు పెద్దలు ఒక ప్రత్యుత్తరము చెప్పుదురు: క్రైస్తవుడు ఓర్చుకొనవలెను, కుటుంబమన్న పిమ్మట మాటలు పడవలెను, పండుగనాడు ఎవరును విడిచి పోరాదు. ఓర్పు గొప్ప గుణమే. అయితే ఆ ఓర్పును ఎవరినుండి కోరుచున్నారో చూడవలెను. ఎల్లప్పుడును చిన్న కోడలే, బీద తమ్ముడే, నోరులేని బిడ్డయే ఓర్చుకొనవలసిన యెడల అది సమాధానము కాదు. ఒకరి మౌనముపై తక్కినవారు సుఖముగా కూర్చుండుట మాత్రమే. అబ్రాహామునకును లోతునకును వారి మందల విషయమై కలహము పుట్టినప్పుడు, పెద్దవాడైన అబ్రాహామే ముందుగా నోరు తెఱచి, చిన్నవానికి కోరుకొను హక్కునిచ్చి, వేఱు వేఱుగా నివసించుటకు ఒప్పుకొనెను. దూరముగా నుండియు పిమ్మట లోతు చెఱపట్టబడినప్పుడు పోయి విడిపించెను. కొంత ఎడముగా నుండుట ప్రేమ లేకపోవుట కాదని ఆ చరిత్రయే చెప్పుచున్నది.

కావున పండుగకు ముందుగా చేయదగిన పనులు కొన్ని కలవు. ఎవరు ఏ దినమున వత్తురో, ఏ దినమున పోదురో ముందే మాటలాడుకొనవలెను. మూడు దినములకు వచ్చినవారు మూడవ దినమున లేచినయెడల, అప్పుడే పోవుదురా యని నిష్ఠురమాడకూడదు. స్థలము చాలనియెడల ఒక కుటుంబము స్నేహితుల ఇంటనో సత్రమునో నిద్రించుట అవమానము కాదు. వంటను పంచుకొనవలెను. తమ్ముడు లేచి, "వదినా, మీరు కూర్చుండుడి, ఈ పూట గిన్నెలు మేము కడిగెదము" అని చెప్పి నిజముగా కడిగినయెడల, అది పది ప్రసంగములకు సమానము. సొమ్ము సంగతులు పండుగ బల్లపైకి తేకూడదు. అయితే వాటిని పూడ్చివేయనుకూడదు. జనవరిలో ఒక దినము నిర్ణయించుకొని, కాగితము కలము పెట్టుకొని, మత్తులేని వేళ తేల్చుకొనవలెను. దినము చెప్పని వాయిదా మఱుసటి పండుగను చెఱచును. ఆ దేశమున అక్టోబరు రెండవ సోమవారము కృతజ్ఞతార్పణ దినము. అల్బెర్టాలో 1990 నుండియు, అంటారియోలో 2008 నుండియు, ఫిబ్రవరిలో కుటుంబ దినమను సెలవు కలదు. కూడిక యంతయు క్రిస్మసునకే పెట్టుకొనక ఈ దినములకు పంచుకొన్నయెడల ఏ ఒక్క ఇంటిపైనను భారము పడదు.

పిల్లలను గూర్చి ఒక మాట. కెనడాలో పుట్టిన మనుమలు తాతగారి తెలుగును సగమే గ్రహింతురు. తెలుగు రాలేదని వారిని పదిమందిలో నవ్వినయెడల వారు ఆ భాషనే ద్వేషింతురు. అవ్వగారు మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని అరిసెలు ఒత్తించినయెడల, ఆ పిండి చేతులతోనే ఇరువది మాటలు వచ్చును.

హద్దు కూడ ఒకటి కలదు. కొట్టుట, బెదరించుట, బిడ్డలపై చేయి వేయుట జరిగిన చోట ఇది కుటుంబ విషయమని కప్పిపుచ్చరాదు. ఇంటి గుట్టు లంకకు చేటను సామెత ఇట్టి చోట చెల్లదు. కెనడాలో 911 అను సంఖ్యకు టెలిఫోను చేసినయెడల పోలీసువారు వత్తురు. బిడ్డల మొఱ వినుటకు 1989 నుండి కిడ్స్ హెల్ప్ ఫోన్ అను సంస్థ అచ్చట పనిచేయుచున్నది. భయముతో నున్న స్త్రీయైనను బిడ్డయైనను సహాయము కోరుట పాపము కాదు. తోటలలోను అట్లే ఉపాధ్యాయునికో, సంఘపెద్దకో, ఆసుపత్రివారికో చెప్పవచ్చును. చెప్పించుకొన్నవారు బాధితుని ఆ ఇంటికే త్రిప్పి పంపి సర్దుకొమ్మనకూడదు.

తప్పిపోయిన కుమారుని ఉపమానమును సంఘములందు తఱచుగా బోధింతురు. దానిలోని విందును గూర్చి మాత్రము తక్కువగా తలంతురు. అదియు ఒక కుటుంబ పండుగయే. పెద్ద కుమారుడు పొలము నుండి వచ్చి, వాద్యముల ధ్వని విని, లోపలికి రాక వెలుపల నిలిచెను. అతని ఫిర్యాదు కూడ పాత లెక్కయే: ఇన్నియేండ్లు పనిచేసితిని, నాకేమి దొరకినది? తండ్రి సేవకులచేత అతనిని లాగించలేదు. అతిథుల యెదుట అతనిని నిందింపలేదు. విందును విడిచి తానే వెలుపలికి పోయి, అతడు చెప్పినదంతయు విని, బ్రతిమాలెను. అన్న లోపలికి వచ్చెనో లేదో ప్రభువు చెప్పలేదు.

ఈ సంవత్సరము కూడ బ్రాంప్టనులోను, తోట లైనులలోను, ఎవరో ఒకరు కోపముతో బల్ల విడిచి లేతురు. అప్పుడు ఇంటి పెద్ద, పళ్లెమును ప్రక్కకు జరిపి, కోటు తొడుగుకొనవలసినను తొడుగుకొని, వారి వెంట పోవలెను. పోయి మొదట వినవలెను. కూర చల్లారినయెడల మరల కాచుకొనవచ్చును.