దారి లేని దేశానికి రైలొచ్చిందా?

ఇంగ్లీషువాళ్ళు దోచుకుంటే దోచుకున్నారు గానీ రైలైతే ఇచ్చి వెళ్ళారు కదా అనే మాట మన ఇళ్ళలోనూ రైలు పెట్టెల్లోనూ టీవీ చర్చల్లోనూ ఇప్పటికీ చెల్లుబాటవుతోంది. దీనికి జవాబు చెప్పేవాళ్ళూ తక్కువేం లేరు. రైలు మనకోసం వేయలేదు, పత్తి తరలించడానికీ పటాలాలను పంపడానికీ వేసుకున్నారు అంటారు. నిజమే. గవర్నర్ జనరల్ డల్హౌసీ 1853లో రాసిన నివేదికలో ఈ రెండు ఉద్దేశాలూ దాపరికం లేకుండానే ఉన్నాయి. కానీ పొగిడేవాళ్ళకూ తిట్టేవాళ్ళకూ ఒక్క విషయంలో పేచీ లేదు. రైలుకు ముందు ఈ దేశంలో ఊరికీ ఊరికీ పొత్తు లేదు, ఎవరి ఊళ్ళో వాళ్ళు బావిలో కప్పల్లా పడి ఉండేవాళ్ళు, పట్టాలు పడ్డాకే సరుకూ మనిషీ కదిలారు అని ఇద్దరూ నమ్ముతారు. నా తగాదా ఆ నమ్మకంతో.

రైలు లేని రోజుల్లో బళ్ళారి, కడప, కర్నూలు సీమల్లో జనం ఉప్పు లేకుండా కూడు తినలేదు. ఆ ఉప్పు కోస్తా కొఠార్ల నుంచే రావాలి. తెచ్చినవాళ్ళు లంబాడీలు, ఎరుకలవాళ్ళు. వాళ్ళవి పెరికె ఎద్దులు, గాడిదలు. గోనెలు వీపుకు కట్టిన పశువులు వందలుగా, ఒక్కోసారి వేలుగా బిడారు కట్టి నడిచేవి. రోజుకు నాలుగైదు కోసులు నడిస్తే గొప్ప. ఈ నత్తనడకను చూసి నవ్వేవాళ్ళు అందులోని లెక్కను గమనించరు. ఎద్దు దారిపొడుగునా మేసుకుంటూ పోతుంది గనక మేత ఖర్చు లేదు. చక్రం లేదు గనక గాడి అక్కర్లేదు, కనుమలో కాలిబాట చాలు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ బిడారు ప్రతి ఊళ్ళోనూ ఆగుతుంది. గుప్పెడు ఉప్పు కావలసినవాడికి గుప్పెడు, బస్తా కావలసినవాడికి బస్తా. చేతిలో కాసు లేనివాడికి అప్పు, పంట చేతికొచ్చాక గింజల్లో జమ. తిరుగు దారిలో ధాన్యం, పప్పులు, పత్తి. టిప్పు మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి గింజలు మోసినవాళ్ళలోనూ లంబాడీలే ముఖ్యులు. దారులే లేని దేశంలో కంపెనీ సైన్యం శ్రీరంగపట్నం దాకా అన్నం తింటూ వెళ్ళిందంటే ఎవరి దయ?

దారి లేదన్న మాట అబద్ధం. ఉన్న దారి తెల్లవాడి పటంలో లేదు, అంతే.

1856 జూలైలో మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు దక్షిణాదిలో మొదటి రైలు నడిచింది. కడప, గుత్తి మీదుగా ఆ వాయవ్య మార్గం 1871కి రాయచూరు చేరింది. అంతకుముందు ఎరుకలవాళ్ళూ లంబాడీలూ ఏ దిక్కుకు ఉప్పు మోశారో సరిగ్గా ఆ దిక్కుకే పట్టా పరుచుకుంది. వాళ్ళ బతుకును రైలొక్కటే కూల్చిందని నేననను. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం 1805 నుంచే ఉంది. 1882 మద్రాసు అడవి చట్టం ఎద్దుల మేతను నేరం చేసింది. కరువుల్లో పశువులు చచ్చాయి. ఈ దెబ్బలన్నీ ఒకే వీపు మీద పడ్డాయి. అడవిలో మేపితే జరిమానా, మేపకపోతే ఎద్దు దక్కదు, దక్కినా స్టేషనులో దిగిన ఉప్పుతో ధరలో పోటీ పడలేదు.

అప్పుడు ప్రభుత్వం వాళ్ళకేం ఇచ్చింది? నేరస్త జాతుల చట్టం ఇచ్చింది. 1871లో ఉత్తరాదిలో మొదలై, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. నిన్నటిదాకా ఊరూరా తిరిగినందుకు గింజలు కొలిచి ఇచ్చిన జనం ఎదుటే ఇవాళ ఊరూరా తిరగడం అనుమానాస్పదమైంది. పేర్లు రిజిస్టరులో, వేలిముద్రలు ఠాణాలో, పూటపూటకూ హాజరు, పొలిమేర దాటాలంటే చీటీ. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికి ఎరుకల కుటుంబాలను అప్పగించి ఒక సెటిల్‌మెంటు పెట్టారు. గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు మీద అది స్టూవర్టుపురం. అక్కడి మనుషులు చీరాల పొగాకు కంపెనీలో కూలికి పోయేవాళ్ళు. చట్టం 1952 నాటికి పోయింది గానీ పేరు పోలేదు. మన సినిమావాళ్ళు 1991లో ఒకసారి, 2023లో ఇంకోసారి ఆ పేరును తెర మీద అమ్ముకున్నారు. ఆ ఊరికి రైల్వే స్టేషనుంది. కలకత్తా నుంచి మద్రాసు వెళ్ళే ప్రధాన మార్గం మీదే. బండి అద్దంలోంచి ఆ బోర్డు చదివి నవ్వుకునే ప్రయాణికుడికి తాను ఎవరి బతుకుదారి మీద పరిచిన పట్టాలపై కూర్చున్నాడో చెప్పేవాళ్ళు లేరు. ఉప్పు సత్యాగ్రహాన్ని పాఠ్యపుస్తకంలో పెట్టుకున్నాం, ఉప్పు మోసినవాళ్ళను దొంగల సినిమాలో పెట్టుకున్నాం.

ఇక్కడ ఒక ఎదురు మాట వస్తుందని తెలుసు. కొత్త సాధనం వచ్చినప్పుడు పాతది పోతుంది, మిల్లు వస్తే మగ్గం, లారీ వస్తే ఎడ్లబండి, దానికి ఏడిస్తే ఎలా అంటారు. ఏడవను. ఎద్దు వీపు మీద మోసిన ఉప్పు చవకగా రాదని ఒప్పుకుంటాను. నా ప్రశ్న వేరు. మార్పు వల్ల వచ్చే నష్టభయాన్ని ఎవరికి తప్పించారు, ఎవరి నెత్తిన రుద్దారు? రైల్వే కంపెనీలకు భూమి ఉచితం. వాటాదారుకు బండి నడిచినా నడవకపోయినా ఏటా ఐదు శాతం వడ్డీ ఖాయం, తక్కువైతే ఈ దేశపు పన్నుల నుంచి పూడ్చాలి. అంత భరోసా ఉన్నప్పుడు ఖర్చు ఎంతయితే ఎవరిక్కావాలి? 1872లో పార్లమెంటు కమిటీ ముందు భారత ప్రభుత్వంలో ఒకనాటి ఆర్థిక మంత్రి విలియం మాసీ ఆ సంగతి చెప్పేశాడు. తన ఐదు శాతం తనకు దక్కినంతకాలం ఆ సొమ్ము హుగ్లీ నదిలో పోసినా ఇటుకా సున్నంగా మారినా ఇంగ్లండు పెట్టుబడిదారుకు ఒకటేనని ఆయన చెప్పిన మాటల సారం. లండన్‌లో వాటా కొన్నవాడికి నష్టం రాకుండా చట్టం. దారి పోగొట్టుకున్న ఎరుకలవాడికి పోలీసు రిజిస్టరు. దీన్ని సాంకేతిక ప్రగతి ఖాతాలో రాయడానికి నా చెయ్యి రాదు.

ఇక కరువు సంగతి. రైలు భక్తుల చేతిలోని పెద్ద ఆయుధం ఇదే. రైలొచ్చాక కరువులు పోయాయంటారు. 1876లో దక్షిణాదిలో వానలు పోయినప్పుడు వాయవ్య మార్గం వేసి ఐదేళ్ళయింది. ఎక్కువ దెబ్బతిన్న సీమల్లో బళ్ళారి, కడప, కర్నూలు ఉన్నాయి. అంటే పట్టాలు కరువు నడిబొడ్డులోంచే పోతున్నాయి. ధాన్యం వచ్చింది కూడా, మద్రాసు రేవు నుంచి స్టేషన్ల దాకా వచ్చింది. స్టేషను నుంచి ఊరికి మోయడానికి ఎద్దులేవి? కొన్ని చచ్చాయి, ఉన్నవి లేవలేవు. మోసే బిడార్ల వ్యాపారం అప్పటికే చితికిపోయింది. మోసుకొచ్చినా కొనేవాడి దగ్గర డబ్బేది? ధర ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి గింజను చేర్చడం రైలు పని. ఆకలి ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి చేర్చడం దాని పని కాదు. ఆ ఏళ్ళలోనే ఈ దేశపు గోధుమ ఇంగ్లండుకు ఓడలెక్కుతూనే ఉంది. వైస్రాయి లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు చేశాడు. కరువు పనులు చూడమని ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ పనిలోకి వచ్చిన మనిషికి రోజుకు ఒక పౌను గింజలు చాలన్నాడు. దక్షిణాదిలో చచ్చినవాళ్ళు 50 లక్షలకు పైనేనని అంచనా.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ ఈ మాటే నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. రైళ్ళ మీద పోసిన సొమ్ము కాలవల మీద పోసి ఉంటే పంటా పండేది, పడవల్లో సరుకూ చవగ్గా పోయేదన్నాడు. ఆయన్ను దేవుణ్ణి చేసిన మనం ఈ వాదాన్ని మాత్రం పక్కన పెట్టాం. (నిజం చెప్పాలంటే, అదే ఐదు శాతం భరోసాతో కంపెనీ తవ్విన కర్నూలు–కడప కాలవ ఆర్థికంగా దివాలా తీసింది. కాలవ పేరు చెబితే కళ్ళు మూసుకుని చప్పట్లు కొట్టనక్కర్లేదు.)

1880 కరువు కమిషను ఇంకో 5,000 మైళ్ళ పట్టాలు కావాలంది. గుంతకల్లు నుంచి నల్లమల గుండా బెజవాడకు మీటరు గేజి లైను ఆ ఆలోచనలోంచే వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో రైలు ఉన్న జిల్లాల్లో ధరల హెచ్చుతగ్గులు తగ్గాయని, వాన పోయినా చావులు తగ్గాయని లెక్కలు కట్టి చూపిన ఆర్థికవేత్తలున్నారు. వాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ 1943 బెంగాల్‌ను ఈ లెక్కలో ఎక్కడ కూర్చోబెడతాం? దేశంలో పట్టాలు దట్టంగా ఉన్న ప్రాంతాల్లో అదొకటి. 30 లక్షల మంది పోయారు. అక్కడ కూలివాడి చేతిలో కొనే శక్తి లేకపోయిందని అమర్త్య సేన్ తేల్చాడు. రైలు మోయగలదు, పెట్టలేదు.

రైలును ప్రశ్నించడమంటే వెనకబాటుతనం అనే ముద్ర కూడా పాతదే. 1883లో హైదరాబాదులో చాందా (నేటి చంద్రపూర్) రైల్వే పథకం మీద గొడవ లేచింది. నిజాం ఖజానా మీద పడే భారమెంత, లండన్ కంపెనీకి పోయేదెంత, లెక్క చెప్పమని అడిగినవాళ్ళలో అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకడు. సరోజినీ నాయుడి తండ్రి, ఎడిన్‌బరోలో రసాయనశాస్త్రంలో డాక్టరేటు చేసినవాడు, హైదరాబాదు కాలేజీకి పునాది వేసినవాడు. ఆవిరి యంత్రం అంటే ఏమిటో ఆ నగరంలో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్ళు ఎందరుంటారు? ఆయన్ను పదవి నుంచి తీసేసి ఊరు దాటించారు. గాంధీ 1909లో హింద్ స్వరాజ్‌లో రైళ్ళను మొత్తంగా కాదన్నాడు. అంత దూరం నేను వెళ్ళను. ఆచరణలో ఆయనా వెళ్ళలేదు, దేశమంతా మూడో తరగతిలో తిరిగాడు. నాకు అఘోరనాథుడి పద్ధతి నచ్చుతుంది. రైలు వద్దనలేదు, లెక్క చూపమన్నాడు.

ఆ లెక్క దొరలు పోయాక మనమూ అడగలేదు. విశాఖ దగ్గర కొత్తవలస నుంచి బస్తర్‌లోని కిరండూల్ దాకా 446 కిలోమీటర్ల కె.కె. లైను స్వతంత్ర భారతం వేసుకున్నదే. బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కు అమ్మడానికి 1960లో ఒప్పందం, ఆ దశాబ్దంలోనే తూర్పు కనుమల్ని 58 చోట్ల తొలిచి పట్టాలు. ఇంజనీరింగుగా చూస్తే దండం పెట్టాల్సిందే. అరకు అందాలు చూపే పెట్టెకు 2017లో అద్దాల కప్పు వేశారు, సంతోషం. కానీ ఆ లైను పుట్టింది రాయి దిగడానికి. అరకు, అనంతగిరి గిరిజనుడు సంతకు పోవడానికి ఆ బండి వేళలు కుదిరితే అది అతని అదృష్టం, లైను ఉద్దేశం కాదు. బైలదిల్లా నుంచి అదే విశాఖకు ఖనిజాన్ని నీళ్ళలో కలిపి పంపే 267 కిలోమీటర్ల గొట్టం కూడా తర్వాత వేశారు. గొట్టం వేసినవాళ్ళు గిరిజన ప్రగతి కోసం వేశామని చెప్పుకోలేదు, ఆ మేరకు నయం. 2019లో దక్షిణ కోస్తా రైల్వే జోను ప్రకటించాక కె.కె. లైను ఒడిశాలోని రాయగడ డివిజనుకు పోతుందా మనకుంటుందా అని విశాఖలో గొడవ నడిచింది. ఆ గొడవంతా గూడ్సు ఆదాయం మీద. ఏ స్టేషనులో బండి ఎంతసేపు ఆగాలన్నది అందులో ఎవరికీ పట్టలేదు.

ఇప్పుడు కొత్త లైను అనగానే మన నాయకులు ప్రాంతం రూపురేఖలు మారిపోతాయంటారు, పత్రికలు అదే అచ్చేస్తాయి. నడికుడి–శ్రీకాళహస్తి లైను మీద పల్నాడులో, ప్రకాశంలో ఎంత ఆశ ఉందో నాకు తెలుసు. ఆ మెట్ట ప్రాంతానికి రైలు రావలసిందే. వచ్చాక మిరప రైతు తన పాతిక బస్తాలు ఎక్కించగలడా? పూర్వం చిన్న స్టేషనులోనూ చిల్లర సరుకు బుక్ చేసుకునేవాళ్ళు. ఇప్పుడు గూడ్సు అంటే ర్యాకు, వేల టన్నులు ఒక్కసారిగా నింపగలవాడిదే బండి. అలాంటివాడు బొగ్గు కంపెనీయో సిమెంటు కంపెనీయో అయి ఉంటాడు. రైతుకు పట్టాల మీంచి దాటే లారీయే గతి.

ఇలా కాకుండానూ నడపవచ్చని చూపిన సందర్భం ఒకటుంది. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆజాద్‌పూర్ మార్కెట్టుకు కిసాన్ రైలు కదిలింది. ఆ ఏడాదే పండ్లకూ కూరగాయలకూ కిరాయిలో సగం రాయితీ ఇచ్చారు. ర్యాకంతా ఒక్కడే నింపాలన్న షరతు లేకుండా చీనీకాయలు, అరటి, దానిమ్మ ఉత్తరాదికి వెళ్ళాయి. అనంతపురం మీదుగా పట్టాలు పడి అప్పటికే వందేళ్ళు దాటింది. ఆ వందేళ్ళూ ఆ జిల్లా కరువుకు మారుపేరుగానే ఉంది. ఆ బండి కోసం అక్కడ కొత్తగా ఒక్క గజం పట్టా వేయలేదు. మార్చింది కిరాయి, బుకింగు పద్ధతి, బండి వేళ.