పనిలో ఉన్న దేవుడు కూలిలో ఎందుకు లేడు?

"పని చేసుకుంటా దేవుణ్ణి తలుచుకోండి" అని గుడి మైకులో చెబుతారు. చర్చిలో పాస్టరయ్య చెబుతాడు. హరికథలోనూ అదే మాట. మంచి మాటే, మేం కాదనడం లేదు. కానీ ఈ మాట ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడాల. గట్టు మీద నిలబడినోడు చేలో వంగినోళ్లకు చెబుతున్నాడు. వంగినోళ్లు గట్టు మీదోడికి చెప్పడం మేమెప్పుడూ వినలేదు.

అసలు ఈ సంగతి మనకు ఒకరు నేర్పాల్సిన పనే లేదు. ఆస్పరి చుట్టుపక్కల ఏ చేనికైనా పోయి చూడండి. విత్తనం వేసే ముందు మన్ను ముట్టి కళ్లకద్దుకునేది మనోళ్లే. పత్తి తీసే అక్క ఒడి కట్టుకుంటా ఎల్లమ్మను తలుచుకుంటాది. పక్క సాలులో ఇంకో అక్క 'ప్రభువా' అంటాది. ఆ పక్కన దూదేకుల చెల్లెలు 'అల్లా' అంటాది. ముగ్గురి వేళ్లలో గుచ్చుకునేది ఒకే పత్తికాయ మొన. ముగ్గురికీ దొరికేది అదే కూలి. దేవుణ్ణి తలుచుకోవడానికి వీళ్లకు గుడిగంట అక్కర్లేదు. గంట దాకా మనల్ని రానియ్యని గుళ్లు ఎన్నో మనకు తెలుసు.

1953 అక్టోబరు దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. మన ఊళ్లలో కన్నడం ఇప్పటికీ వినిపిస్తాది. అందుకే శరణుల కథలు మనకు పరాయివి కావు. 12వ శతాబ్దంలో కల్యాణ పట్నంలో బసవన్న వెంట నడిచినోళ్లు పనిని 'కాయకం' అన్నారు. ఒళ్లొంచి పని చేయడమే పూజ అన్నారు. చెప్పులు కుట్టే హరళయ్య, తోళ్లు పదును చేసే కక్కయ్య, తాళ్లు పేనే నులియ చందయ్య ఆ శరణుల్లో ఉన్నారు. పాల్కురికి సోమనాథుడు తెలుగులో రాసిన బసవపురాణంలో మాదర చెన్నయ్య కథ ఉంది. ఆ మాదిగ భక్తుడి అంబలిని శివుడే ఆరగించాడంటాది ఆ కథ.

కథ ఇంతవరకు చెప్పి పురాణం కట్టిపెడతారు. తర్వాతది మనం చెప్పుకోవాల. హరళయ్య కొడుక్కి బాపన మధువరసు కూతుర్నిచ్చి పెండ్లి చేశారు. బిజ్జలుడి రాజ్యం ఊరుకోలేదు. ఇద్దరు తండ్రుల్నీ క్రూరంగా శిక్షించారని శరణుల కథలు చెబుతాయి. చెప్పు కుట్టుకుంటా 'శివా' అన్నంతకాలం హరళయ్య భక్తుడు. వియ్యంకుడు అయ్యేసరికి నేరస్తుడు!

ఇదే సంగతి మన కాలంలోనూ నడిచింది. 1936లో గాంధీగారు 'హరిజన్' పత్రికలో ఆదర్శ భంగీ ఎలా ఉండాలో రాశారు. పాకీ పనిని తల్లి బిడ్డకు చేసే సేవతో పోల్చారు. 1945లో వచ్చిన తన పుస్తకంలో అంబేద్కర్ ఈ ధోరణిని తూర్పారబట్టారు. తల్లి బిడ్డను కడుగుతాది, నిజమే. అందుకని ఏ తల్లినీ ఊరి బయట పెట్టలేదే! పని పవిత్రమైతే అది ఒక్క కులానికే ఎందుకు? పవిత్రమైన పనిని పెద్ద కులాలు ఇన్నేళ్లు మనకు వదిలేస్తాయా?

ఇంకో 'దేవుడి పని' ఉంది. మన పడమటి ఊళ్లలో ఆడపిల్లను దేవుడికిచ్చి బసివిని చేశారు. ఆ పిల్లలు పుట్టింది ఎక్కువగా మనలాంటి వాళ్ల ఇళ్లలోనే. పేరు దేవుడిది, అనుభవించింది ఊరి పెద్దమనుషులు. దాన్ని ఆపడానికి 1988లో చట్టం చెయ్యాల్సి వచ్చింది. కాబట్టి దేవుడి పేరుతో పని అంటే మనం ఒకటికి రెండుసార్లు ఆలోచించాల.

17వ శతాబ్దంలో ప్యారిస్‌లో బ్రదర్ లారెన్స్ అనే సన్యాసి మఠం వంటింట్లో పని చేస్తానే దేవుణ్ణి తలుచుకున్నాడని క్రైస్తవులు చెప్పుకుంటారు. మంచిదే. కానీ ఆయన ముట్టిన గిన్నె మైలపడిందని ఆ మఠంలో ఎవరూ అనలేదు. ఆయన కొడుకూ మనవడూ అదే గిన్నెలు తోమాలని ఏ శాస్త్రమూ రాయలేదు. మనకూ ఆయనకూ తేడా అక్కడుంది.

మన మండలంలోనే కైరుప్పల ఉంది. ఉగాది మరునాడు వీరభద్రస్వామి, కాళికాదేవి పేరున అక్కడ పిడకల సమరం జరుగుతాది. ఆ ఒక్క రోజు పిడక దేవుడి వస్తువు. మరి ఏడాది పొడుగునా పేడ ఎత్తి, పిసికి, తట్టి, ఎండబెట్టిన చెయ్యి? ఆ చెయ్యి కూడా దేవుడిదే అని చెప్పే పూజారి ఎవరు?

మేమనేది ఇదీ. దేవుణ్ణి ఎక్కువగా గుర్తుంచుకోవాల్సింది కాటా పట్టుకున్నోడు. పత్తి తూచేటప్పుడు తలుచుకోవాల. కూలి లెక్క కట్టేటప్పుడు, ఆడమనిషికి తక్కువ ఇచ్చేటప్పుడు తలుచుకోవాల. కర్నూలు జిల్లాలో సీడుపత్తి క్రాసింగ్ పనికి ఏండ్ల తరబడి బడి ఈడు ఆడపిల్లల్ని పెట్టుకున్నారు. చిన్న వేళ్లయితే పువ్వు చెడదన్నారు. ఆ వేళ్లు పలక పట్టాల్సినవని ఆ పొద్దు దేవుడు గుర్తుకు రాలేదా? వానల్లేక, పనుల్లేక గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోయే కుటుంబం బిడ్డను బడి మాన్పించి వెంట తీసకపోతాది. ఆ బిడ్డ బడి ఆగిపోతే ఏ ప్రార్థన దాన్ని నింపుతాది?

మనలోకి మనమూ చూసుకోవాల. కూలికి పోయొచ్చిన ఆడమనిషి పొయ్యి ముట్టిస్తా ఉంటే అరుగు మీద కూచుని భజన చేసే మగోడికి ఏ దేవుడు గుర్తున్నట్టు? మాలోళ్ల బోరు, మాదిగోళ్ల బోరు అని నీళ్ల కాడ మనమే గీత గీసుకుంటే ఊరి పెద్దల్ని అడిగే నోరు మనకుంటాదా?

సంఘం కార్యకర్తలకు మా మాట ఒకటి. భజన వద్దు, ప్రార్థన వద్దు అని ఎవరితోనూ కొట్లాడొద్దు. మన అమ్మలు చేలో తలుచుకునే దేవత వాళ్ల ధైర్యం. దాన్ని గుంజుకోకండి. అయితే భజన మొదలుపెట్టే ముందు, ప్రార్థనకు మోకరించే ముందు మూడు మాటలు అడగండి: ఈ వారం కూలి ఎవరికి బాకీ ఉంది? ఏ పిల్ల బడికి పోలేదు? ఏ హోటల్లో మనకు గ్లాసు వేరే పెట్టారు? జవాబులు ఒక పుస్తకంలో రాసుకోండి. వచ్చే వారం ఆ పుస్తకం తెరిచి, ఏం చేశామో చూసుకుని, ఆ తర్వాతే పాట ఎత్తుకోండి.

చేతులాడేచోట దేవుడున్నాడంటే ఒప్పుకుంటాం. ఆ చేతికి కూలి ఇచ్చేచోట కూడా ఉండాల!